అణ్వస్త్ర బలాబలాల అధ్యయనంలో ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. ఎమ్మెస్సీ వద్దని, అమెరికా, రష్యాల అణ్వస్త్ర బలాలపై పరిశోధన చేస్తానని అంటోంది. ఇందులో భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి, వరంగల్

జవాబు: మన దేశంలో ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువేనన్న సంగతి ముందే చెప్పడం మంచిది. అయితే ఇటువైపు వచ్చేవారిలో ఎక్కువమంది రాజనీతి శాస్త్రం చదివినవారే కనుక, మీ అమ్మాయి ఫిజిక్స్ వృథా పోదు.

అణ్వస్త్ర బలాన్ని పోల్చడమంటే ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమేనని చాలామంది అనుకుంటారు. కానీ దేన్ని లెక్కపెడతామన్నదాన్ని బట్టి పైచేయి మారిపోతుంది. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న తొలి సాల్ట్ (వ్యూహాత్మక ఆయుధాల పరిమితి) ఒప్పందం క్షిపణి లాంచర్ల (ప్రయోగ వేదికల) సంఖ్యకు హద్దు పెట్టింది గానీ, ఒక్కో క్షిపణిపై ఎన్ని వార్‌హెడ్లు (క్షిపణి మోసుకెళ్లే అణు బాంబులు) అమర్చుకోవచ్చన్న విషయాన్ని వదిలేసింది. అందువల్ల లాంచర్లు లెక్కిస్తే సోవియట్లది, వార్‌హెడ్లు లెక్కిస్తే అమెరికాది, క్షిపణులు మోయగల బరువు చూస్తే మళ్లీ సోవియట్లది పైచేయి అయింది. 2011లో అమల్లోకి వచ్చిన న్యూ స్టార్ట్ (అమెరికా, రష్యాల వ్యూహాత్మక ఆయుధాల తగ్గింపు) ఒప్పందం సైతం, మోహరించిన వార్‌హెడ్లకు 1,550 పరిమితి విధిస్తూనే, ఎన్ని బాంబులు మోయగలిగినా ఒక్కో బాంబర్ విమానాన్ని ఒకే వార్‌హెడ్ కింద జమకట్టింది. 2023లో రష్యా ఆ ఒప్పందాన్ని పక్కనపెట్టింది; 2026 ఫిబ్రవరి 5తో దాని గడువు కూడా తీరిపోయింది. ఆ ఒప్పందం కింద ఇరు దేశాలు ఇచ్చే అధికారిక లెక్కలు ఆగిపోయినప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి, క్షిపణుల పరిధికీ బరువుకూ ఉన్న సంబంధం నుంచి అంచనాలు కట్టగలవారి అవసరం పెరుగుతుంది.

చదువు విషయానికొస్తే, ఢిల్లీలో జేఎన్‌యూ అంతర్జాతీయ అధ్యయనాల విభాగంలో పీజీకి సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. తర్వాత బెంగళూరులోని నియాస్ (ఉన్నత అధ్యయనాల జాతీయ సంస్థ), ఢిల్లీలోని ఐడీఎస్ఏ (రక్షణ అధ్యయనాల సంస్థ) వంటి సంస్థల్లో పరిశోధనకు ప్రయత్నించవచ్చు. విదేశాల్లోనైతే కాలిఫోర్నియాలోని మాంటెరీలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధంపై పీజీ ఉండేది గానీ, అక్కడి పీజీ కోర్సులను మూసివేస్తున్నట్టు 2025లో ప్రకటించారు. విదేశీ చదువుల ఖర్చు కూడా మధ్యతరగతికి భారమే. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో రష్యన్ నేర్చుకుంటే, నా దృష్టిలో, మరో డిగ్రీ కంటే అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఫీజు కట్టే ముందు ఒక పని అప్పగించండి. 2022 సెప్టెంబరు లెక్కల ప్రకారం అమెరికాకు మోహరించిన క్షిపణులు, బాంబర్లు కలిపి 659, వార్‌హెడ్లు 1,420. రష్యాకు అవే వరుసగా 540, 1,549. ఎవరిది పైచేయో, ఏ కొలమానం ప్రకారమో రెండు పేజీల్లో రాయమనండి. విసుగు పుడితే, ఎమ్మెస్సీ దరఖాస్తుల గడువు దాటకముందే ఆ సంగతి తేలిపోతుంది.