టీవీ గోడకి బిగించే ముందు నా మాట విను

ఒరే అబ్బయ్యా,

ఒంగోల్లో ఫ్లాట్లో దిగారని, హాల్లోకి 55 అంగుళాల టీవీ కొన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్తుంటే వాడి గొంతులో పొంగు చూడాలి, నాకూ అలాగే ఉందిలే. కానీ చివర్లో "చెయ్యి చాపి అటూ ఇటూ తిప్పుకునే వాల్ మౌంట్ చూస్తున్నాడన్నా, వాడే బిగించుకుంటాడంట" అన్నాడు చూడు, అక్కడ పట్టుకుంది నాకు టెన్షన్. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తా. టీవీ వెనక నాలుగు మర కన్నాలుంటాయి, వాటి మధ్య దూరం అడ్డంగా, నిలువుగా కొలుచుకో. 200 బై 200, 400 బై 200 అని మిల్లీమీటర్లలో ఉంటుంది, వెసా కొలతంటారు, గోడకి బిగించే ఆ స్టాండు డబ్బా మీద కూడా అదే అంకె ఉండాలి. ఎంత మోస్తుందని డబ్బా మీద రాసిన బరువు నీ టీవీ బరువుకి రెట్టింపుంటే మంచిది. పొడుగు బోల్టులు టీవీలోకి దూర్చకు, లోపల ప్యానెల్‌కి తగులుతాయి. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. 2009 ఎండాకాలం నీకు గుర్తుందా? పదేళ్లోడివి, సెలవులకి దర్శి వచ్చావు. అప్పుడే 32 అంగుళాల ఎల్‌సీడీ కొన్నా. మీ పెద్దమ్మ వంట చేసుకుంటూ సీరియల్ చూడాలని, వంటగది వైపు తిరిగే చెయ్యి ఉన్న స్టాండే కావాలని పట్టుబట్టి తెచ్చా. మేస్త్రీని పిలిస్తే డబ్బులు దండగని పక్కింటాయన డ్రిల్లు అడిగి తెచ్చుకుని నేనే మొదలుపెట్టా. అది నాలుగున్నర అంగుళాల అడ్డగోడ, దాని మీద అంగుళం మందాన ప్లాస్టరింగు. కన్నం చేస్తుంటే బూడిద రంగు పొడే రాలుతోంది, ఎర్ర పొడి చివర్లో చిటికెడు వచ్చిందంతే. అంటే స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చే నా ప్లాస్టిక్ ప్లగ్గు ఇటుకని సరిగ్గా అందుకోలేదు. చూశానురా, చూసి కూడా ఆగలేదు. పైగా డ్రిల్లుకి పెట్టిన బిట్టు ఒక సైజు పెద్దది, ప్లగ్గు కన్నంలో లొడలొడలాడుతుంటే అగ్గిపుల్లలు విరిచి కుక్కి స్క్రూ బిగించా. చేత్తో ఊపి చూస్తే కదల్లేదు, మీసం మెలేశా.

ఇరవై రోజులు నిలబడింది. ఆ మధ్యాహ్నం నువ్వు సరిగ్గా దాని కింద చాప వేసుకుని పడుకుని చూస్తున్నావు. వీధిలో ముంజల బండి వచ్చింది, నువ్వు లేచి పరిగెత్తావు. గడప దాటావో లేదో, టీవీ స్టాండుతో సహా ఊడి నీ తలగడ మీద పడింది. వెళ్లి చూస్తే ప్లగ్గులకి ఇంకా అగ్గిపుల్లలు అంటుకునే ఉన్నాయి. అవి ఎవరూ చూడకుండా జేబులో వేసుకుని, "ఆ చెయ్యి పట్టుకుని ఊగావు కదరా వెధవా" అని నిన్నే తిట్టా. నువ్వు ముంజలు చేతిలో పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డావు. నువ్వు ఊగలేదు. మీ పెద్దమ్మకి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు ఈ మాట.

అందుకే చెప్తున్నా, ఆ చాపే స్టాండు వద్దు. నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే వీధి చివరిదాకా మోస్తాం, చెయ్యి చాచి పట్టుకోమంటే గడప దాటలేం. గోడకీ అంతే, టీవీ ముందుకొచ్చే కొద్దీ పై బోల్టులని బయటికి లాగుతుంది. కదలని స్టాండు కొను. బాల్కనీ వెలుతురు స్క్రీన్ మీద పడితే కాస్త కిందికి వంగేది తీసుకో. కదలనిది గోడకి బాగా అతుక్కుపోతుంది కాబట్టి వైర్లు గుచ్చే చోట్లు వెనకున్నాయో పక్కనున్నాయో ముందే చూసుకో.

గోడ ఏంటో బిల్డరుని అడుగు. ఇప్పటి ఫ్లాట్లలో తేలిక బ్లాకులు కడుతున్నారు, తెల్లపొడి వస్తే అదే, వాటికి వేరే ప్లగ్గులు కావాలి, మామూలువి పట్టవు. స్విచ్ బోర్డుకి నేరుగా పైన, కింద డ్రిల్లు పెట్టకు, లోపల కరెంటు పైపు ఉంటుంది. అవతల బాత్రూమ్ ఉన్న గోడైతే అసలు ముట్టుకోకు.

మొన్న 2024 డిసెంబరులో మా పక్కన ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి కంపించినప్పుడు మన ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయి. నేను బయటికి పరిగెత్తకుండా ముందు టీవీ వంక చూశా, మీ పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. పాప ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోందంట కదా. టీవీ కింద బొమ్మల బుట్ట పెట్టొద్దని అమ్మాయికి చెప్పు.

ఎత్తు సంగతంటావా, సోఫాలో కూర్చుంటే స్క్రీన్ మధ్యభాగం కళ్లకి ఎదురుగా రావాలి. గుళ్లో గంటలా పైన కడితే మెడలు పట్టేస్తాయి.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా, రసమట్టం తెస్తా. డ్రిల్లు నువ్వే పట్టుకో, నేను పక్కన నిలబడి పొడి రంగు చూస్తుంటా.

మీ పెదనాన్న