షెడ్డులో కారు: సెల్ఫ్ కొట్టే ముందు

పటమట, విజయవాడ నుంచి ఓ పాఠకుడు: మా నాన్నగారి 1970 మోడల్ ఎంజీబీ, టాప్ తీసేసే రెండు సీట్ల కారు, 2006 నుంచి షెడ్డులోనే ఉంది. రైట్ హ్యాండ్ డ్రైవ్, వైర్ వీల్స్. చక్రాలు తిరగడం లేదు. కొత్త బ్యాటరీ వేసి, తాడు కట్టి లాగితే స్టార్టయిపోతుందని మెకానిక్ అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తాడు కట్టనివ్వకండి. అన్నేళ్లు కదలని ఇంజన్‌లో సిలిండరు గోడల మీద నూనె పొర మిగలదు. వాల్వు తెరుచుకుని ఆగిపోయిన సిలిండర్లోకి తేమ దిగి, రింగులు తుప్పుతో గోడకు పట్టేస్తాయి. గేరులో వేసి లాగితే రింగు విరుగుతుంది. గైడులో బిగుసుకున్న వాల్వు ఉంటే పుష్‌రాడ్ వంగుతుంది. ఓపిక పడితే కొన్ని వందల్లో తేలే పని, లాగితే ఇంజన్ మొత్తం విప్పే పనిగా మారుతుంది. పైగా చక్రాలే తిరగడం లేదంటున్నారు. అంటే అది బ్రేకుల సంగతి, ఇంజన్ కంటే ముందు చూడాల్సింది అదే.

జాకీ పెట్టేముందు ఒక్క మాట. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, తలుపుల కింది పెట్టె లాంటి సిల్ భాగాలే బలం. అవి లోపల్నుంచి తుప్పు పడతాయి, పైన పెయింటు చక్కగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే అక్కడ జాకీ పెట్టొద్దు. ముందు క్రాస్‌మెంబరు కింద, వెనక యాక్సిల్ కింద ఎత్తి, స్టాండ్ల మీద నిలపండి. సిల్ కుళ్లి ఉంటే మిగతా ఖర్చంతా ఆపి ముందు అది తేల్చుకోవాలి. వెల్డింగ్ చేసేవాడు తలుపు పెట్టే ఉంచి, కారును సమంగా నిలబెట్టి చేయాలి. లేకపోతే బాడీ వంగి తలుపులు మళ్లీ సరిగా పడవు.

ఇంకో చికాకు పానాలు. ఈ కారు నట్లు అంగుళాల లెక్క. మన ఆటోనగర్ పెట్టెలో ఉండేవి మిల్లీమీటర్లు. అర అంగుళం నట్టుకు 13 నంబరు పాన పడుతున్నట్టే ఉంటుంది, జోరు చేయగానే మూలలు అరిగిపోతాయి. 7/16, 1/2, 9/16 స్పానర్లు, సాకెట్లు ముందే కొనిపెట్టుకోండి.

ఇక బ్రేకులు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మీ మోడల్లో నాలుగు చక్రాలకీ ఒకటే సర్క్యూట్. ఒక్క హోస్ పగిలితే పెడల్ నేలకు తగులుతుంది, ఇక మిగిలేది హ్యాండ్‌బ్రేక్. అందుకే ఇక్కడ పొదుపు వద్దు. ముందు రెండు, వెనక ఒకటి, మూడు హోస్‌లూ మార్చేయండి. బయటికి బాగానే కనిపించే పాత హోస్ లోపల ఉబ్బి, తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను పోనిచ్చి, వదిలాక వెనక్కి రానివ్వదు. కాసేపు నడిపాక ఒక చక్రం వేడెక్కిపోతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. కాలిపర్ పిస్టన్లు తీసి చూడండి. సీలు ఆనే చోట గుంటలు పడితే రుద్దడం దండగ, కొత్తవి వేయాలి. మాస్టర్ సిలిండర్, వెనక వీల్ సిలిండర్లు, క్లచ్ సిలిండర్లు, క్లచ్ హోస్ అన్నీ ఒకేసారి చేయించండి. లోపల డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడే. లీటరు డబ్బా ఒకటి కొంటే గాలి తీయడానికి కూడా సరిపోతుంది. ఇంజన్ నూనె చుక్క పడినా రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

ఇంజన్‌కు వద్దాం. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో సిలిండర్లో 15 మిల్లీలీటర్ల చొప్పున ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే నూనె), ఎసిటోన్ సగం సగం కలిపి పోయండి. ఎసిటోన్ మండే సరుకు, దగ్గర బీడీ కూడా ఉండకూడదు. మూడు రోజులు వదిలేశాక క్రాంక్ పుల్లీ నట్టుకు 1 5/16 అంగుళాల సాకెట్ వేసి, గేరు న్యూట్రల్లో పెట్టి, చేత్తో కొంచెం అటూ ఇటూ ఆడించండి. కదలకపోతే సాకెట్‌కు పైపు తగిలించి బలం పెంచొద్దు. మళ్లీ పోసి ఇంకో మూడు రోజులు ఆగండి. రెండు మూడు విడతలకూ రాకపోతే హెడ్డు విప్పాల్సిందే.

తిరిగితే రాకర్ కవర్ తీసి, రాకర్ల మీద నూనె పోసి, ఇంజన్‌ను చేత్తో నిదానంగా తిప్పుతూ ఎనిమిది వాల్వులూ దిగి మళ్లీ పైకి లేస్తున్నాయో లేదో ఒక్కొక్కటీ చూడండి. దిగి లేవని వాల్వు ఉంటే సెల్ఫ్ కొట్టకూడదు. టప్పెట్ గ్యాప్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం. పాత నూనె దింపి, ఫిల్టరు మార్చి, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి, ఫిల్టరుతో కలిపి సుమారు నాలుగుంపావు లీటర్లు. గేరుబాక్సులోనూ ఈ ఇంజన్ నూనే. వెనక యాక్సిల్లో మాత్రం 90 గ్రేడు హైపాయిడ్ గేరు నూనె.

ప్లగ్గులు పెట్టకుండా, కాయిల్ వైరు తీసేసి, పది పదిహేను సెకన్ల చొప్పున సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు చూడండి. ఆరేడు సార్లకూ లేవకపోతే పంపులో నూనె ఎండిపోయిందన్నమాట. ఈ బీ సిరీస్ ఇంజన్లకు అది మామూలే. ఆయిల్ కూలర్ పైపును బ్లాక్ దగ్గర విప్పి, బ్లాక్‌లోకి నూనె పోసి మళ్లీ తిప్పండి. ముల్లు లేచేదాకా ప్లగ్గులు బిగించొద్దు.

పెట్రోలు ట్యాంకు దింపక తప్పదు. పాత పెట్రోలు జిగురైపోయి వార్నిష్ వాసన వేస్తుంది. అది కార్బొరేటర్లోకి వెళ్లిందంటే మళ్లీ మొదటికే. ట్యాంకుకు చిల్లు ఉంటే, ఖాళీ ట్యాంకు ప్రమాదం లేనిదని ఎవరూ అనుకోవద్దు. లోపలి ఆవిరే పేలుతుంది. నీళ్లతో, ఆవిరితో బాగా కడిగించాకే గ్యాస్ వెల్డింగ్ దగ్గరికి పంపాలి. పెట్రోలు పంపు కారు వెనక భాగంలో, బ్యాటరీ దగ్గర ఉంటుంది. టిక్ టిక్ మనకపోతే పాయింట్లు పట్టేసి ఉంటాయి, సన్న ఎమెరీతో శుభ్రం చేయండి. ఫ్లోట్ చాంబర్లు నిండాక కూడా టిక్ టిక్ ఆగకపోతే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా నీడిల్ వాల్వు కారుతోంది.

ఎస్‌యూ కార్బొరేటర్లు రెండింటిలో ఒకదాని పిస్టన్ ఇంకోదాంట్లో వేయకండి, వాటి జతలు వేరు. వేలితో లేపి వదిలితే పిస్టన్ 'టక్'మని దిగాలి. పిస్టన్ పైనుండే డాష్‌పాట్‌లో 20 గ్రేడు నూనె. జెట్ నట్టు పూర్తిగా పైకి బిగించి, అక్కణ్నుంచి 12 ఫ్లాట్లు (నట్టు పలకలు), అంటే రెండు చుట్లు కిందికి దింపితే స్టార్టవడానికి సరిపోయే మిక్చర్ వస్తుంది. ట్యూనింగ్ తర్వాత. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 0.015, ప్లగ్ గ్యాప్ 0.025 అంగుళం, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.

మీ కారులో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. 1967 చివరిదాకా వచ్చిన కార్లకు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి), మీది నెగటివ్. మొదటిసారి కలిపేటప్పుడు బ్యాటరీ వైరుకు మధ్యలో 21 వాట్ల బల్బు పెట్టండి. అన్నీ ఆఫ్‌లో ఉండగా అది వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది, చాలాసార్లు ఎలుకలు కొరికిన చోటే. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది లేకపోతే సెల్ఫ్ కరెంటు చోక్ కేబుల్ గుండా పారి, కేబుల్ కాలిపోతుంది.

రేడియేటర్ ఆటోనగర్లో విప్పి కడిగించండి, హోస్‌లు కొత్తవి వేయండి. థర్మోస్టాట్ మామూలుగా 82 డిగ్రీలది. వేడి దేశాలకు కంపెనీ చెప్పింది 74. మన మే నెలకు అదే కావాలి. స్టార్టయ్యాక నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 పౌండ్లు ఉంటే భయం లేదు. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుని ఉంటే ఇంజన్ వేడెక్కనిచ్చి, వెనక చక్రాలు గాల్లో ఉండగా టాప్ గేరులో, క్లచ్ నొక్కిపట్టి బ్రేకు తడితే మామూలుగా విడిపోతుంది. మొదటి 150 కిలోమీటర్లకే నూనె మళ్లీ మార్చండి.

టైర్లకు ట్రెడ్ ఎంత ఉన్నా పారేయండి. మీకు కావాల్సిన 165/80 ఆర్14 కొన్ని డిజైర్ మోడళ్లకు వచ్చే సైజే, విజయవాడలో ఏ టైర్ల షాపులోనైనా దొరుకుతుంది. వైర్ వీల్‌లో మాత్రం ట్యూబ్ వేయించాలి. ఒకరు బ్రేకు తొక్కి ఉండగా చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తే 'టక్ టక్' మంటే హబ్ పళ్లు అరిగాయి, ఆ స్థితిలో రోడ్డెక్కకూడదు.

అజిత్‌సింగ్‌నగర్ నుంచి: గోవాలో తయారైన శాన్ స్టార్మ్ కారు మా దగ్గరుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సీట్లదాకా మునిగింది. అప్పట్నుంచి ముట్టుకోలేదు. బాడీ ఫైబరు కదా, ఏమీ కాలేదేమో అనుకుంటున్నాం.

బాడీకి ఏమీ కాలేదు, నిజమే. దాని కింద ఉన్నది ఉక్కు. ఫైబరు కింద బురద నిలిచిన చోట తుప్పు పడుతుంది గనుక కార్పెట్లు, సీట్లు తీసేసి, కింద నీటిజోరుతో కడిగి, బాడీ ఛాసిస్‌కు బిగించిన బోల్టుల చుట్టూ చూడండి.

ఇంజన్ 1149 సీసీ రెనో, ఫ్యూయల్ ఇంజెక్షన్. కాబట్టి పై కారులా బ్యాటరీ కలిపి చూడటం ఇక్కడ ఖరీదైన పొరపాటు. ముందు ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), దాని కనెక్టర్లు, ఫ్యూజు పెట్టె విప్పి ఆరబెట్టి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. పచ్చగా చిలుమెక్కిన పిన్నులు ఉంటే ఆ కనెక్టరే మార్చాలి. గేరుబాక్సు నూనె కొద్దిగా దింపి చూడండి, మజ్జిగలా ఉంటే బ్రీదర్ (గాలి రంధ్రం) గుండా నీళ్లు వెళ్లాయి. ఇంజన్ నూనె కూడా అంతే. ప్లగ్గులు తీసి చేత్తో తిప్పి, రంధ్రాల్లోంచి నీళ్లు రావడం లేదని రూఢి చేసుకోండి. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. టైమింగ్ బెల్టు మార్చాకే స్టార్ట్ చేయండి. ఈ ఇంజన్ రెనో ట్వింగో, క్లియోల్లోనూ వచ్చింది, విడిభాగాలు వెతికేటప్పుడు ఆ పేర్లతో అడగండి. బాడీ భాగాలు దొరకవు, ఉన్నవాటినే కాపాడుకోవాలి.

బ్రాడీపేట, గుంటూరు నుంచి: మా దిగుమతి కారు 1971లో రిజిస్టరైంది, ఆర్‌సీ గడువు ఎప్పుడో అయిపోయింది. వింటేజ్ నంబరు తీసుకోవాలా, మామూలుగా రెన్యువల్ చేయించాలా?

2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఇంజన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు లేని కారు వింటేజ్ కింద వస్తుంది. ఫారం 20, ఇన్సూరెన్సు, పాత ఆర్‌సీతో దరఖాస్తు చేయాలి. ఫీజు 20,000, గడువు పదేళ్లు, తర్వాత పొడిగింపుకు 5,000. కొత్త నంబర్లలో 'వీఏ' అక్షరాలుంటాయి. ముందే రిజిస్టరైన కారు పాత నంబరు ఉంచుకోవచ్చు. ఒకటే చిక్కు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు.

మామూలు రెన్యువల్ అయితే ఫారం 25, ఫిట్‌నెస్ పరీక్ష, ఐదేళ్లకోసారి. దిగుమతి కారు 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి ఈ ఫీజు 80,000. ఆలస్యానికి అదనం. ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీసే కారుకు అంత పెట్టడం అనవసరం, వింటేజే తీసుకోండి. అయితే మధ్యలో ఎవరైనా డీజిల్ ఇంజనో మారుతీ ఇంజనో దించి ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. దరఖాస్తుకు ముందే ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిచూసుకోండి.

లక్ష్మీపురం నుంచి: ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. పాత కార్బొరేటర్ కారుకు పోయొచ్చా?

పోయొచ్చు, రబ్బరు మార్చాక. పాత నల్ల హోస్‌లను ఇథనాల్ మెత్తబరుస్తుంది, పగుళ్లలోంచి కారే పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న హోస్ తీసుకోండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, అందుకని నెలల తరబడి నిలపాలంటే కార్బొరేటర్ ఖాళీ చేసి నిలపండి.

మిక్చర్ కూడా పలుచబడుతుంది. వేడెక్కిన ఇంజన్ చోక్ కాస్త లాగగానే బాగా లాగుతోందంటే అదే గుర్తు. ఎస్‌యూ అయితే పిస్టన్‌ను మిల్లీమీటరు లేపి చూడండి. ఇంజన్ వేగం పడిపోతే మిక్చర్ పలుచన, జెట్ నట్టు ఒక్క ఫ్లాటు దింపండి. వేగం పెరిగి అలాగే ఉంటే చిక్కన. ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. సీసం లేని పెట్రోలు గురించి కూడా కొందరు భయపడతారు. మన దేశంలో సీసం 2000లోనే పోయింది. పాత ఇనుప హెడ్డులో వాల్వు సీటు లోపలికి అరిగితే టప్పెట్ గ్యాప్ తగ్గుతుంది, అందుకే రెండు మూడు వేల కిలోమీటర్లకోసారి కొలవండి. తగ్గుతూనే ఉంటే లేత్ షాపులో గట్టి సీట్లు వేయించవచ్చు, అప్పటిదాకా అక్కర్లేదు.

తెనాలి నుంచి: పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించమంటారా?

పెట్టించవచ్చు. కానీ పాయింట్ల మీద కారు సరిగ్గా నడిచాకే. లేకపోతే మిస్సింగ్ దేనివల్లో తేలదు. తీసిన పాయింట్లు, కండెన్సరు డిక్కీలో ఉంచుకోండి. ఆ మాడ్యూల్ దారిలో పోతే ఒక స్క్రూడ్రైవర్‌తో పాతవి బిగించుకుని ఇంటికి రావచ్చు.