ప్రసాదం ఇస్తే ఏమని చెప్పాలి?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది తెనాలి. మేము క్రైస్తవులం. విగ్రహాలకు నైవేద్యం పెట్టినది తినకూడదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నియమం. ఎవరో చెప్పారని కాదు, నేనూ మనస్ఫూర్తిగా నమ్ముతాను. మా ఎదురింటి పిన్నిగారు వరలక్ష్మీ వ్రతానికి శనగలు, వినాయక చవితికి ఉండ్రాళ్లు, దసరాకు పులిహోర తెచ్చి ఇస్తారు. కాదనలేక రెండు చేతులా తీసుకుంటాను. తలుపు వేశాక చెత్తబుట్టలో వేస్తాను. మొన్న చవితి మర్నాడు చెత్తబండి వచ్చినప్పుడు సంచి చిరిగి ఉండ్రాళ్లు మెట్ల మీద పడ్డాయి. పిన్నిగారి కూతురు చూసింది, ఏమీ అనలేదు. అప్పటి నుంచి పిన్నిగారు పలకరిస్తున్నారు గానీ మునుపటిలా లోపలికి రావడం లేదు. క్రిస్మస్‌కు నేను ఇచ్చే అరిసెలు, కేకు మాత్రం వాళ్లు ఎంతో ఇష్టంగా తీసుకుంటారు. ఒకసారి పండుగ శనివారం వచ్చింది. కేకులో గుడ్డు ఉందా అని అడిగి, ‘ఈ రోజు శనివారం కదమ్మా, రేపు తింటాం’ అని ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. నా విశ్వాసం వదులుకోకుండా ఆమెకు మళ్లీ ఎలా దగ్గర కావాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నేను ఆ ఫ్రిజ్ దగ్గర ఆగిపోయాను. శనివారం గుడ్డు తినం అని పిన్నిగారు మీ ఎదుటే చెప్పారు. మీకు కష్టం కలిగిందా? కలిగి ఉంటే రాసేవారు. మీ కేకును కాదన్నారని కూడా మీకు తోచలేదు. కారణం చెప్పారు, మీరిచ్చినదాన్ని జాగ్రత్తగా దాచుకున్నారు. అలా చెప్పే హక్కు ఆమెకు ఎంత ఉందో మీకూ అంతే ఉంది. ఇన్నేళ్లూ మీరు దాన్ని వాడుకోలేదు.

నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. ఉండ్రాళ్లు చేయడం ఎంత పనో నాకు తెలుసు. ఎసట్లో శనగపప్పు, జీలకర్ర వేసి, బియ్యపు రవ్వ పోసి ఉడికించి, పూర్తిగా చల్లారకముందే అరచేతికి నెయ్యి రాసుకుని ఉండలు చుట్టాలి, మళ్లీ ఆవిరి మీద పెట్టాలి. పెందలాడే లేస్తే గానీ పూజవేళకు అందవు. అందుకే మనసులో మాట చెబుతున్నాను: మీరు తినకపోవడం నన్ను నొప్పించలేదు. మెట్ల మీద పడిన ఉండ్రాళ్లు నొప్పించాయి. ప్రసాదం ఒక్క మెతుకు కింద పడినా కళ్లకద్దుకుని తీసే ఇంట్లో పుట్టాను.

మీ గ్రంథం గురించి మీకు చెప్పేంతటి దాన్ని కాను. కానీ బడిలో నాతో పాటు చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన ఒక క్రైస్తవ టీచరమ్మ చదవమంటే, బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, అంటే కొరింథులోని క్రైస్తవులకు రాసిన ఉత్తరంలో, ఎనిమిది, పది అధ్యాయాలు చదివాను. మీ చిక్కే అక్కడా ఉంది. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, ఆ చెప్పిన మనిషి నిమిత్తం, మనస్సాక్షి నిమిత్తం తినవద్దంటాడు ఆయన. పైగా, తాను అంటున్నది ఎదుటివాడి మనస్సాక్షి గురించి అని వివరిస్తాడు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆలోచించాను. ఆ వాక్యాలే చదివి తినేవారున్నారు, తిననివారున్నారు. అది మీరు తేల్చుకోవలసినది, తేల్చుకున్నారు కూడా.

ఆ టీచరమ్మ ప్రసాదం తీసుకునేది కాదు. చవితి మర్నాడు స్టాఫ్ రూములో గిన్నె తన దగ్గరకు వస్తే, ‘నేను తీసుకోనండీ, మీ అందరికీ శుభాకాంక్షలు’ అని నవ్వుతూ చెప్పి, పక్కవారికి తానే అందించేది. ఒక్క మెతుకు ఒలకకుండా రెండు చేతులతో పట్టుకునేది. ఆ చేతులు నాకిప్పటికీ గుర్తు.

1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి పంపేశారు. జాతీయ గీతం పాడేటప్పుడు అందరితో పాటు లేచి నిలబడేవారు, పాడేవారు మాత్రం కాదు. పాడటానికి వాళ్ల విశ్వాసం ఒప్పుకోదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి బడిలో చేర్చుకోమంది. మర్యాదగా లేచి నిలబడినవారు పాడనంత మాత్రాన అగౌరవపరచినట్లు కాదని తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మా టీచరమ్మ గిన్నె అందించడం కూడా అలా లేచి నిలబడటమే.

కాదనడంలో మరో రకం కూడా ఉంది, అది మా ఇంట్లోనే చూశాను. మా నాయనమ్మ మడి కట్టుకునేది. ఇతరుల ఇంట వండినది తినేది కాదు. ఎవరైనా పెట్టదలిస్తే స్వయంపాకం పుచ్చుకునేది: బియ్యం, పప్పు, కూరగాయలు. అంతవరకు ఆమె నియమం. కానీ కొందరు తెచ్చిన బియ్యం కూడా ఆమెకు పనికివచ్చేది కాదు, వాళ్లను వీధి అరుగు ఎక్కనిచ్చేది కాదు. దాన్ని కూడా ఆచారమే అనేవాళ్లం. అది మనిషిని తక్కువ చేయడం. ఆమె ఒళ్లో పెరిగిన నేను ఈ మాట బాధతోనే రాస్తున్నాను. మీ నియమం పిన్నిగారిని గానీ ఆమె దేవుణ్ణి గానీ చిన్నబుచ్చే మాటగా మీ నోట రాకుండా చూసుకోండి. ‘నేను తినను’ అంటే చాలు. ఎందుకు తినకూడదో ఆమెకు బోధించబోకండి.

మళ్లీ పండుగ వచ్చేదాకా ఆగవద్దు. ఆమె చేతిలో గిన్నెతో గుమ్మంలో నిలబడినప్పుడు చెప్పే మాట కాదిది. ఈ ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేతులతోనే వెళ్లండి. స్వీటు పెట్టె పట్టుకెళితే మాట పక్కకు పోతుంది. ముందు జరిగింది ఒప్పుకోండి: ‘పిన్నిగారూ, ఆ రోజు మెట్ల మీద పడినవి మీరిచ్చినవే. చెప్పడానికి మొహమాటపడి పారేశాను, తప్పు చేశాను.’ నియమం సంగతి ఆ తరవాత చెప్పండి. ‘దేవుడికి పెట్టకముందే నాకు కాస్త తీసి ఉంచండి’ అని మాత్రం అడగవద్దు. నైవేద్యం కాకుండా తీయడం మా ఇళ్లలో ఒప్పరు. మీ నియమం కోసం ఆమె నియమాన్ని వంచమన్నట్లవుతుంది. ఏదో ఒక మామూలు రోజు ఆమె పెసరట్టు వేస్తుంటే వెళ్లి, వంటింట్లోనే కూర్చుని తినండి.

ఆ అమ్మాయితో విడిగా మాట్లాడండి. మెట్ల మీద పడినవాటిని ఎవరు ఏరారో మీరు రాయలేదు. తనే ఏరి ఉంటే, అందుకు కూడా క్షమించమని అడగండి.