జైలరుకి జీతం ఎవరిచ్చారు?

చిరంజీవి వసంతకు ఆశీస్సులు.

కథ చదివాను. ఇంగ్లండులోని నార్విచ్‌లో చదువుకుంటూ, ఆ ఊరి కోటలో ఒకప్పుడు కౌంటీ జైలు, అంటే మన జిల్లా జైలు లాంటిది, ఉండేదని తెలుసుకుని, అక్కడ ఖైదీగా ఉన్న సుజానా హోమ్స్ గురించి తెలుగులో రాయాలనిపించడం మంచిదే. భాష బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే మూడో పేజీకి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

"కిటికీలోంచి జారిన వెన్నెల ఆమె కన్నీళ్ళని ముత్యాలు చేసింది" అని రాశావు. ఏ కిటికీ అమ్మా? ఆ రోజుల్లో ఇంగ్లండులో కిటికీలకి పన్ను ఉండేది. జైలు కిటికీల పన్ను జైలరే కట్టుకోవాలి. అందుకని చాలామంది జైలర్లు కిటికీలు మూసేయించారు. జాన్ హోవర్డ్ అనే ఆయన ఊరూరా తిరిగి జైళ్ళు చూసి 1777లో అచ్చు వేయించిన పుస్తకంలో ఈ మాట ఉంది. బట్టలకి పట్టిన కంపు భరించలేక ఆయన మూసిన బండి మానేసి గుర్రం మీద తిరిగాడు. నోటుబుక్కు కూడా నిప్పు సెగకి కాచుకుంటే గానీ చదవలేకపోయేవాడు. ఆ నోటుబుక్కు నీ కథలోకి తెచ్చి చూడు, వెన్నెల దానంతటదే పోతుంది.

తర్వాత నీ జైలరు. చేతిలో కొరడా, ఎర్రటి కళ్ళు, వికటాట్టహాసం. పైగా "రాజుగారి జీతం తింటూ" అన్నావు. అక్కడే పప్పులో కాలేశావు. చాలా కౌంటీల్లో జైలరుకి జీతమే లేదు. ఖైదీల దగ్గర వసూలు చేసుకున్నదే అతని సంపాదన. లోపలికొస్తే ఫీజు, బయటికెళ్తే ఫీజు, కాస్త తేలికపాటి సంకెళ్ళు కావాలంటే ఫీజు, పరుపుకి అద్దె, ఆపైన జైల్లోనే బీరు అమ్మకం. కోర్టు నిర్దోషి అన్నవాడిని కూడా ఫీజు కట్టలేదని మళ్ళీ లోపలికి లాక్కెళ్ళేవాళ్ళు. 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్‌కి షెరీఫ్‌గా వచ్చిన హోవర్డ్ ఇది చూసి, జైలరుకి జీతమిద్దాం అని మేజిస్ట్రేట్లని అడిగాడు. ఇంకే కౌంటీలోనైనా ఇచ్చారేమో చూపించమన్నారు వాళ్ళు. మన ఆఫీసుల్లో పాత జీవో అడిగినట్టే! ఆ ఆధారం వెతుక్కుంటూ పక్క కౌంటీలకి బయల్దేరిన మనిషి ఇంక ఆగలేదు, యూరప్ జైళ్ళు కూడా చూసొచ్చాడు. 1774లో నిర్దోషుల ఫీజు ఎత్తేస్తూ చట్టం వచ్చింది. మిగతా వసూళ్ళు వెంటనే పోలేదు.

నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నది ఇదే. జైలు కథ రాసేవాళ్ళు ముందు జైలు పద్దులు తెలుసుకోవాలి. రొట్టెకి డబ్బెవరిచ్చారు? బండి బాడుగ ఎవరి ఖాతాలో పడింది? ఎవరి సంతకం లేక పని ఆగింది? రాక్షసుడైన జైలరుని రాస్తే పాఠకుడు వాణ్ణి నాలుగు తిట్టి నిద్రపోతాడు. పెళ్ళాం పిల్లలున్న, నెల గడవడానికి ఖైదీల జేబులు తడుముకునే మామూలు మనిషిని రాయి. వాణ్ణి తిట్టి ఊరుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇది చెప్పినందుకు నేను పడ్డ మాటలు నీకు తెలియవు. తాలూకాఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో పక్కనే సబ్‌జైలు. ఒక కుర్రాడికి బెయిలొచ్చింది, జామీను ఉండేవాళ్ళు లేక లోపలే ఉండిపోయాడు. వాళ్ళన్న రోజూ క్యారియర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. జామీనుకి కావలసిన పొలం పన్ను రసీదు దగ్గర్నుంచి అన్నీ వివరంగా రాసి ఒక వారపత్రికకి పంపాను. ఆ ఎడిటరు "జామీను గొడవ పాఠకుడికెందుకండీ, తల్లి ఏడుపు పెంచండి" అన్నాడు. నా కథలో తల్లే లేదు! అయినా జామీను పేజీలు కోసేసి, ఏడుస్తున్న ముసలావిడ బొమ్మతో వేశారు. బొమ్మ వేసినాయనకి నాకంటే ఎక్కువ ఇచ్చారని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ పత్రికల చోటులో కథల పోటీలొచ్చాయి, కొసమెరుపు లేకపోతే కథే కాదంటున్నాయి. సరే, ఆ గోల వదిలెయ్.

నీకు చేతికందిన కథని నువ్వే వదిలేశావు, నా బాధ అది. "రోజులు భారంగా గడిచాయి" అని ఒక్క ముక్కలో దాటేసిన కాలం ఏమిటో చూడు. 1784 మార్చిలో థెట్‌ఫర్డ్ కోర్టు సుజానాకి ఉరిశిక్ష వేసింది, తర్వాత దాన్ని పద్నాలుగేళ్ళ ద్వీపాంతరవాసంగా తగ్గించారు. ఎక్కడికి? అమెరికాకి. యుద్ధంతో ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. అయినా జడ్జీలు శిక్షలు వేస్తూనే ఉన్నారు. మాస్టులు పీకేసిన పాత ఓడల్లో మగవాళ్ళని కొందరిని కుక్కారు, మిగిలినవాళ్ళు కౌంటీ జైళ్ళలోనే మురిగిపోయారు. పంపించే చోటు లేని శిక్ష అది. హెన్రీ కేబుల్ అంతకు ఏడాది ముందు నుంచీ నార్విచ్ కోటలోనే ఉన్నాడు. అతని తండ్రిని ఆ కోట దగ్గరే ఉరితీశారు. నీ కథలో తండ్రి ఊసే లేదు.

ఇక సింప్సన్. 1786లో జైల్లోనే సుజానాకి, హెన్రీకి కొడుకు పుట్టాడు. ఖైదీలని ఆస్ట్రేలియాలోని బోటనీ బేకి పంపాలని ప్రభుత్వం అప్పుడు తేల్చుకుంది. సుజానాని ప్లిమత్ రేవులో ఉన్న డన్‌కర్క్ అనే ఓడ దగ్గరికి తీసుకెళ్ళినవాడు జాన్ సింప్సన్, నార్విచ్ జైలు వార్డరు. ఓడ కెప్టెన్ ఆమెని ఎక్కించుకున్నాడు, పసివాణ్ణి వద్దన్నాడు. ఎందుకంటే తాఖీదులో పిల్లవాడి పేరు లేదు. సింప్సన్ ఆ ఐదు నెలల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కోచిబండిలో లండన్ వెళ్ళాడు. హోం సెక్రటరీ లార్డ్ సిడ్నీ ఇంటి దగ్గర, పొమ్మన్నా పోకుండా నిలబడి, ఆయన మెట్లు దిగుతుంటే పట్టుకున్నాడు. బిడ్డని తల్లికి ఇవ్వమనీ, తండ్రిని కూడా పంపమనీ తాఖీదు తెచ్చుకున్నాడు. ఇంతటి మనిషికి నువ్విచ్చింది మూడు వాక్యాలు! దారిలో బిడ్డకి ఏం పట్టాడు, గుడ్డలెవరు మార్చారు, సత్రంలో పాలకి డబ్బెవరిచ్చారు? అది రాయమ్మా. నీ ఊహ అక్కడ వాడు, కన్నీళ్ళ దగ్గర కాదు.

ఓడ కదలడంతో కథ ముగించావు. ఇంకొంచెం నడువు. ఈ వార్త పేపర్లలో చదివి జనం చందాలేసి, ఇరవై పౌండ్ల సామాను కొని అలెగ్జాండర్ అనే ఓడలో వేయించారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఊరు చేరేసరికి మూట మాయమైంది. అక్కడే పెళ్ళి చేసుకున్న సుజానా, హెన్రీ 1788 జులైలో ఆ అలెగ్జాండర్ ఓడ కెప్టెన్ మీద దావా వేశారు. ఉరిశిక్ష పడ్డవాళ్ళకి ఇంగ్లండు చట్టంలో దావా వేసే హక్కే లేదు. అయినా గెలిచారు, పదిహేను పౌండ్లు ఇమ్మంది కోర్టు. ఆస్ట్రేలియాలో మొట్టమొదటి సివిల్ కేసు ఇదే. పద్దులోనే కథ ఉంటుందని నేనంటే నవ్వుతారు గానీ, చూడు మరి.

కలం పేరు గురించీ, పోటీ గురించీ ఏదో అడిగావు. ముందు కథ తిరగరాయి. ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోన్లో చదవడం నా వల్ల కాదు. మీ నాన్నని ఒకసారి ఇటు రమ్మను, నా పాత కాగితాల్లో జైలు బత్తా పట్టీలు ఉన్నాయి, నీకు పనికొస్తాయి.

మీ పెదనాన్న