పట్టాలు పోయాయి, దారి మిగిలింది

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. ఊళ్లోని పాత రైలు మార్గాన్ని నడకకీ సైకిళ్లకీ వదిలేశారట, రోజూ వాకింగ్‌కి అక్కడికే తీసుకెళ్తానంటున్నాడు. గజం జాగా దొరకని ఊళ్లో అంత స్థలం అమ్ముకోకుండా ఎలా వదిలారు? మోకాళ్ల నొప్పులతో నేను నడవగలనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిశ్చింతగా నడవగలరమ్మా. రైలు కోసం వేసిన దారి కదా, నిటారు ఎత్తులుండవు. కాకపోతే కొన్ని చోట్ల రోడ్డు మీంచి మెట్లెక్కి దాన్ని చేరుకోవాలి. మెట్లు లేని చోటు చూసి తీసుకెళ్లమని అబ్బాయితో ముందే చెప్పండి.

ఆ మార్గం మలేసియా రైల్వేది. ఆ స్థలం విషయంలో రెండు దేశాలూ 2010లో ఒప్పందానికొచ్చాయి. 2011 జూన్ 30 రాత్రి తంజోంగ్ పగార్ స్టేషన్ నుంచి చివరి రైలు వెళ్లింది, నడిపింది స్వయంగా పక్కనున్న మలేసియా రాష్ట్రం జోహోర్ సుల్తాన్. స్థలం సింగపూర్ చేతికొచ్చింది. అక్కడి ప్రకృతి ప్రేమికుల సంఘం నేచర్ సొసైటీ అప్పటికే, 2010లోనే, దీన్ని పచ్చటి బాటగా ఉంచాలని ప్రతిపాదన పెట్టింది. రైళ్లు ఆగాక అడిగుంటే ఆలస్యమైపోయేదని నా నమ్మకం. ఉత్తరాన వుడ్‌లాండ్స్ దాకా 24 కిలోమీటర్లు, తెగకుండా ఉండటమే దాని విలువ. నాలుగు ముక్కలు అమ్ముకుంటే డబ్బొస్తుంది, కానీ ఆ దారిని మళ్లీ ఎవరు అతకగలరు?

మీరు తప్పక చూడాల్సింది బుకిత్ తిమా స్టేషన్. 1932 నాటి చిన్న ఇటుక కట్టడం, పక్కనే పాత ఇనుప వంతెన. చాలాచోట్ల పట్టాలు పీకేశారు గానీ ఇక్కడ కొన్ని ఉంచారు. సింగిల్ లైను కదా, ముందుకెళ్లడానికి అనుమతి గుర్తుగా రైలు డ్రైవరుకి టోకెన్ చేతికందించే పద్ధతి ఇక్కడ చివరిదాకా సాగింది. మన చిన్న స్టేషన్లలో అది చూసిన మీవారు అక్కడ కాసేపు నిలబడిపోతారు!

దారంతా సిమెంటు పోసెయ్యకపోవడం నాకెంతో నచ్చింది. రెండు పక్కలా గడ్డి, చెట్లు. వానపడితే కొన్ని చోట్ల బురదవుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. సైకిళ్లు వెనకనుంచి వస్తుంటాయి, ఇద్దరూ పక్కపక్కన కాకుండా ఎడమవైపుగా ఒకరి వెనక ఒకరు నడవండి. చాలా భాగంలో దీపాలుండవు. అక్కడ ఏడింటికి గానీ తెల్లారదు, ఆ తర్వాతే బయల్దేరండి. కింగ్ ఆల్బర్ట్ పార్క్ మెట్రోలో దిగితే బుకిత్ తిమా స్టేషన్ దగ్గరే.