కనెక్షన్లు ఎవరి చేతిలో ఆగిపోతున్నాయి?

ప్రశ్న: కళాశాలల ఫీజు చెల్లింపుల కోసం స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లతో ఒక వెబ్ అప్లికేషన్ నడుపుతున్నాం. అది మూడు సర్వర్ల మీద ఉంది. అడ్మిషన్ల రోజుల్లో ఉదయం పది దాటగానే పేజీలు కదలడం మానేస్తాయి. లాగ్ నిండా ‘కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్ ఆఫ్టర్ 30000 ఎంఎస్’ అనే ఎర్రర్ కనిపిస్తుంది. డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి రిక్వెస్టులకు పంచే పూల్ పరిమాణాన్ని ఒక్కో సర్వర్‌లో 10 నుంచి 50కి పెంచాం. అలా పెంచి రీస్టార్ట్ చేయగానే రిపోర్టుల ప్రోగ్రాంకు ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’ అని డేటాబేస్ నుంచే తిరస్కరణ వచ్చింది. సాయంత్రం రద్దీ తగ్గితే అంతా దానంతట అదే సర్దుకుంటుంది. డేటాబేస్ సర్వర్ సీపీయూ వాడకం మాత్రం రద్దీ వేళ కూడా 20 శాతం దాటడం లేదు. ఇంకా పెద్ద సర్వర్ తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తీసుకోవద్దు. మీకు కావలసిన ఆధారాలు రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. సీపీయూ ఖాళీగా ఉందంటే డేటాబేస్ పని భారంతో కుంగిపోవడం లేదని అనుకోవచ్చు. సాయంత్రానికి పరిస్థితి సర్దుకుంటోందంటే, తీసుకున్న కనెక్షన్‌ను తిరిగి ఇవ్వడం మరచిపోయే కోడ్, అంటే లీక్, మీ దగ్గర లేదని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. లీకైన కనెక్షన్ రద్దీ తగ్గినంత మాత్రాన పూల్‌కు రాదు, రీస్టార్ట్ చేసేదాకా పోయినట్టే లెక్క. ఇక బలంగా కనిపించే కారణం ఒక్కటే. కనెక్షన్‌ను పట్టుకుని, దానితో ఏ పనీ చేయించకుండా, మరెవరి సమాధానం కోసమో ఎదురుచూస్తున్న కోడ్ మీ అప్లికేషన్‌లో ఎక్కడో ఉండి ఉండాలి.

రెండో ఎర్రర్ మాత్రం కేవలం లెక్క తప్పడం వల్ల వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో మాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి అనుమతించే గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య) డిఫాల్ట్ విలువ 100, అందులో 3 సూపర్‌యూజర్ కోసం కేటాయించి ఉంటాయి కాబట్టి మామూలు వాడకానికి దక్కేవి 97. మీ మూడు సర్వర్లూ కలిసి అడుగుతున్నవి 150. స్ప్రింగ్ బూట్ 2.0 నుంచి డిఫాల్ట్‌గా వస్తున్న హికారీ పూల్‌లో మినిమమ్ ఐడిల్ (ఎప్పుడూ సిద్ధంగా ఉంచవలసిన ఖాళీ కనెక్షన్ల సంఖ్య) విలువను మనం విడిగా ఇవ్వకపోతే అది గరిష్ఠ పరిమాణంతో సమానమవుతుంది, అందువల్ల రద్దీ లేకపోయినా పూల్ మొత్తం 50 కనెక్షన్లనూ ముందే తెరిచి పెట్టుకుంటుంది. రిపోర్టుల ప్రోగ్రాంకు చోటు దొరకనిది అందుకే. పైగా పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఆపరేటింగ్ సిస్టంలో ఒక ప్రత్యేక ప్రాసెస్, దాని మెమరీ దానికి కావాలి.

రేపు ఉదయం పేజీలు ఆగినప్పుడు రీస్టార్ట్ చేసే ముందు ఒక్క పని చేయండి. పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే వ్యూ నుంచి స్టేట్, స్టేట్_చేంజ్, ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (xact_start), క్వెరీ అనే కాలమ్‌లను తీసి చూడండి. స్టేట్ కాలమ్‌లో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని ఉన్న వరుసలే మనకు కావలసినవి. ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ, లేదంటే ఏదీ జరగనట్టు డేటాబేస్ చూసే పనుల గుంపు) మొదలైంది, చివరగా పంపిన క్వెరీ ఎప్పుడో పూర్తయింది, ఇప్పుడు డేటాబేసే మీ అప్లికేషన్ కోసం ఎదురుచూస్తోంది అని దాని అర్థం. ఎంతసేపటి నుంచో స్టేట్_చేంజ్ చెబుతుంది, ఏ క్వెరీ తర్వాత ఆగిందో క్వెరీ కాలమ్ చెబుతుంది. పేమెంట్స్ టేబుల్‌లోకి ఇన్సర్ట్ చేసిన వాక్యమే అక్కడ వరుసగా కనిపిస్తే, ఆ ఇన్సర్ట్ తర్వాత మీ కోడ్‌లో ఏముందో తెరిచి చూడండి; చెల్లింపుల గేట్‌వేకు వెళ్లే హెచ్‌టీటీపీ కాల్ అదే ట్రాన్సాక్షన్ లోపల ఉంటుందని నా గట్టి అనుమానం.

ఇది ఎంత నష్టం చేస్తుందో లెక్క వేసుకోవచ్చు. ఒకే సమయంలో సగటున ఎన్ని కనెక్షన్లు వాడకంలో ఉంటాయంటే, సెకనుకు వచ్చే రిక్వెస్టులను ఒక్కో రిక్వెస్టు కనెక్షన్‌ను పట్టుకునే సమయంతో గుణిస్తే వచ్చినన్ని. సెకనుకు 20 చెల్లింపులు వస్తూ, ఒక్కోటి 40 మిల్లీసెకన్లు పట్టుకుంటే సగటున ఒక్క కనెక్షన్ కూడా పూర్తిగా అవసరపడదు. అదే ట్రాన్సాక్షన్‌లో గేట్‌వే కోసం 2 సెకన్లు ఆగితే 40 కావాలి; రద్దీ వేళ గేట్‌వే కూడా నెమ్మదించి 5 సెకన్లు తీసుకుంటే 100 కావాలి. గేట్‌వే వేగాన్ని మీరు నిర్ణయించలేరు కాబట్టి, పూల్‌ను ఎంత పెంచినా అది చాలని రోజు ఒకటి వస్తుంది.

సవరణ ఇలా చేయండి. మొదటి ట్రాన్సాక్షన్‌లో చెల్లింపును ‘పెండింగ్’ అని రాసి కమిట్ చేయండి, అంటే ఖాయం చేసి ముగించండి. తర్వాత చేతిలో ఏ కనెక్షనూ లేకుండా గేట్‌వేను పిలవండి. సమాధానం వచ్చాక మరో చిన్న ట్రాన్సాక్షన్‌లో స్థితిని మార్చండి. నడుమ సర్వర్ పడిపోతే డబ్బు కట్టిన విద్యార్థి రికార్డు పెండింగ్‌లోనే మిగిలిపోతుంది కాబట్టి, అలాంటి రికార్డులను గేట్‌వేతో సరిచూసే ఒక షెడ్యూల్డ్ జాబ్ తప్పనిసరిగా ఉండాలి. ఇది లేకుండా పై మార్పును లైవ్‌లో పెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే అవతల ఉన్నది ఒక కుటుంబం కట్టిన ఫీజు. గేట్‌వే కాల్‌కు కనెక్ట్ టైమౌట్, రీడ్ టైమౌట్ రెండూ పెట్టండి.

ఈ సవరణ చేసిన తర్వాత కూడా ఫలితం కనిపించలేదని చాలామంది నిరాశపడతారు. దానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది, ఒకే క్లాస్‌లో రెండు మెథడ్లు రాసి, వాటి మీద ట్రాన్సాక్షనల్ అనోటేషన్ పెట్టి, అదే క్లాస్‌లోని మూడో మెథడ్ నుంచి నేరుగా పిలవడం. అప్పుడు పిలుపు ట్రాన్సాక్షన్‌ను మొదలుపెట్టి ముగించే స్ప్రింగ్ ప్రాక్సీ గుండా వెళ్లదు, అనోటేషన్ పనిచేయదు. ఆ మెథడ్లను వేరే బీన్‌లో (స్ప్రింగ్ నిర్వహించే మరో ఆబ్జెక్ట్‌లో) పెట్టండి, లేదా ట్రాన్సాక్షన్ టెంప్లేట్ వాడండి. రెండోది ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్. మీరు జేపీఏ (జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లకు జతచేసే పద్ధతి) వాడుతుంటే స్ప్రింగ్ బూట్‌లో ఇది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అప్లికేషన్ మొదలైనప్పుడు లాగ్‌లో దీని గురించి హెచ్చరిక కూడా వస్తుంది, అయితే దాన్ని చదివేవారు తక్కువ. అది ఆన్‌లో ఉన్నంత కాలం మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్ ట్రాన్సాక్షన్ ముగిసినా రిక్వెస్టు పూర్తయ్యేదాకా సెషన్ చేతిలోనే ఉండిపోగలదు. ఇటువంటి కనెక్షన్ పోస్ట్‌గ్రెస్ వైపు మామూలు ‘ఐడిల్’గానే కనిపిస్తుంది, కాబట్టి అక్కడ వెతికి ప్రయోజనం లేదు. ఆ సెట్టింగ్‌ను ఫాల్స్ చేయండి. చేశాక కొన్ని పేజీల్లో లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్, అంటే ఇంకా తేని డేటాను సెషన్ మూసుకున్నాక అడిగితే వచ్చే ఎర్రర్, వస్తుంది. ఆయా చోట్ల కావలసిన డేటాను సర్వీస్ లోపలే ముందుగా తెచ్చుకోవాలి. పని కొంత ఎక్కువే, అయినా చేయదగిన పని.

ఆ తర్వాత పూల్‌ను మళ్లీ పదికో పదిహేనుకో దించండి. డేటాబేస్ సర్వర్ కోర్ల సంఖ్యను రెట్టింపు చేసి, డిస్కుల సంఖ్య కలిపితే వచ్చే అంకెను అన్ని సర్వర్ల పూల్స్‌కూ కలిపి తొలి అంచనాగా తీసుకోవచ్చు. కనెక్షన్ టైమౌట్‌ను 30 సెకన్ల నుంచి నాలుగైదు సెకన్లకు తగ్గించండి, ఎందుకంటే అరనిమిషం తెల్ల పేజీ చూసిన విద్యార్థి మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతాడు, రద్దీ ఇంకా పెరుగుతుంది. లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని 5 సెకన్లకు పెడితే, అంతకంటే ఎక్కువసేపు పట్టుకున్న ప్రతి కనెక్షన్‌నూ కోడ్‌లో ఏ వరుస దగ్గర తీసుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో చూపుతుంది, కాబట్టి లీక్ లేకపోయినా మీకు ఉపయోగమే. ప్రతిరోజూ గమనించవలసిన అంకె పెండింగ్, అంటే కనెక్షన్ కోసం వరుసలో నిలబడ్డ థ్రెడ్ల సంఖ్య.

ప్రశ్న: మా కార్యాలయం అప్లికేషన్ ఫ్లాస్క్ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ లైబ్రరీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లతో నడుస్తుంది. రాత్రి ఎవరూ వాడరు. ప్రతి ఉదయం మొదట తెరిచినవారికి ‘మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే’ అని వస్తుంది, మళ్లీ ప్రయత్నిస్తే పనిచేస్తుంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమౌట్ డిఫాల్ట్ విలువ 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. అంతసేపు కదలిక లేని కనెక్షన్‌ను సర్వర్ మూసివేస్తుంది. ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో పూల్ రీసైకిల్ (ఇచ్చిన సమయం దాటిన కనెక్షన్‌ను మార్చే సెట్టింగ్) డిఫాల్ట్‌గా పనిచేయదు కాబట్టి, తెగిపోయిన కనెక్షన్‌నే పూల్ ఉదయం మీకు అందిస్తుంది. పూల్ ప్రీ పింగ్‌ను ట్రూ చేయండి. కనెక్షన్ ఇచ్చే ముందు అది ప్రాణంతో ఉందో లేదో పూల్ పరీక్షించి, లేకపోతే కొత్తది తెరుస్తుంది. దీనికయ్యే ఖర్చు డేటాబేస్ దాకా ఒక చిన్న రాకపోక మాత్రమే, మీ వంటి అప్లికేషన్‌లో అది ఎవరికీ తెలియదు. దానితోపాటు పూల్ రీసైకిల్‌కు 3600 సెకన్లు ఇవ్వండి. ఈ లెక్క కనెక్షన్ పుట్టినప్పటి నుంచి మొదలవుతుందే గాని ఖాళీగా ఉన్న సమయం నుంచి కాదు.

భోజన విరామం తర్వాత కూడా ఇదే సమస్య వస్తుంటే మాత్రం కారణం మైఎస్‌క్యూఎల్ కాదు, మధ్యలో ఉన్న ఫైర్‌వాలో, నెట్‌వర్క్ చిరునామాలను మార్చే నాట్ గేట్‌వేనో కావచ్చు. ఉదాహరణకు అమెజాన్ క్లౌడ్‌లోని నాట్ గేట్‌వే 350 సెకన్లు కదలిక లేని కనెక్షన్‌ను వదిలేస్తుంది. అటువంటి చోట పూల్ రీసైకిల్ 300కు దించి, డ్రైవర్‌కు రీడ్ టైమౌట్ కూడా ఇవ్వండి. అది లేకపోతే ప్రీ పింగ్ పంపిన పరీక్షకు జవాబు రాక రిక్వెస్టు అక్కడే చాలాసేపు ఆగిపోయే అవకాశం ఉంది. ట్రాన్సాక్షన్ నడుమ తెగిన కనెక్షన్‌ను ప్రీ పింగ్ కాపాడలేదు, ఆ ఎర్రర్‌ను పట్టుకుని పనిని మొదటి నుంచి మళ్లీ చేయించే బాధ్యత మీ కోడ్‌దే.