పాత క్రౌన్ విక్టోరియా మలుపుల్లో ఒరిగిపోతుంటే

ప్రశ్న: మాది 2001 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా. మలుపుల్లో బాగా ఒరుగుతోంది, స్టీరింగ్ వదులుగా ఉంది. పోలీస్ మోడల్ స్ప్రింగులు, లావు స్వే బార్లు (కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే ఇనుప కడ్డీలు) వేయిస్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఆగండి, ముందు అరిగినవి మార్చాలి. స్టీరింగ్ వదులు స్ప్రింగులతో పోదు. మీ మోడల్‌లో ర్యాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీతో నేరుగా చక్రాల్ని తిప్పే స్టీరింగ్) ఉండదు (అది 2003 నుంచి వచ్చింది). పాత పద్ధతి గేర్‌బాక్స్, దాని కదలికను చక్రాల వైపు పంపే పిట్‌మన్ ఆర్మ్, రెండో పక్క ఆ కడ్డీల్ని మోసే ఐడ్లర్ ఆర్మ్ ఉంటాయి. ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే మీరు కింద నుంచి ఐడ్లర్ ఆర్మ్ చూడండి. పైకీ కిందికీ ఆడుతోందంటే దొంగ దొరికినట్టే. చక్రాల దగ్గరి కీళ్లయిన టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, చక్రాన్ని పట్టుకునే కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు కూడా చూడండి.

బుష్‌ల బోల్టుల్ని కారు జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చాలా షాపులు తప్పుచేసేది ఇక్కడే.

తర్వాత నాలుగు మంచి షాక్‌లు (స్ప్రింగుల ఊపును అణిచేవి) వేయించండి. మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారిగా ఒరిగి ఊగడం వీటితో తగ్గొచ్చు. ఆపైనే బార్లు. ముందుది వదిలేసి వెనకది మాత్రమే మరీ లావుగా వేస్తే తడి రోడ్డుమీద వెనకభాగం జారుతుంది. పోలీస్ స్ప్రింగులు గట్టివి. రోజూ ఇంట్లోవాళ్లతో తిరిగే బండికి నేనైతే వేయను. వెనక ఎయిర్ స్ప్రింగులు (గాలి నింపిన స్ప్రింగులు) ఉంటే, జాకీ ఎత్తేముందు డిక్కీలోని వాటి స్విచ్ ఆపాలి.

2003 తర్వాతి చక్రాలు చవగ్గా దొరికినా కొనకండి, ఆఫ్‌సెట్ (చక్రం లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందనే కొలత) వేరు. పని అయ్యాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) తప్పనిసరి.